తోడు కొరకు వెదకిన మనిషి – బిల్ విల్సన్ జీవితము

శతవార్షిక సంచికకు సంఘములవారు వ్యాసములు పంపవలెనని గురువుగారు ఆరాధన తరువాత చెప్పినప్పుడు, మా వెల్దుర్తి స్త్రీల సమాజములో అందరమూ మిషనరీల పేర్లే తలచుకొన్నాము. పల్నాటి ఎండలో నడిచి బడులు పెట్టినవారు, రోగులను చూచినవారు ఎందరో ఉన్నారు. వారిని గూర్చి మాకంటె బాగా వ్రాయగలవారు ఈ సంచికలో వ్రాసే ఉంటారు. మేము మాత్రము పల్నాటిలో ఎన్నడూ అడుగుపెట్టని, పాదిరి కాని, ఒక అమెరికా దేశస్థుని కథ వ్రాయుచున్నాము. ఆయన పేరు విలియం గ్రిఫిత్ విల్సన్. లోకమునకు తెలిసిన పేరు బిల్.

ఎందుకో చెప్పవలెను. మా సంఘములో ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారుడు మిరప బస్తాల లారీ మీద పనిచేసేవాడు. త్రాగుడుకు అలవాటుపడి, తల్లి చేతి గాజుల దాక తెచ్చుకొన్నాడు. మేము నలుగురము వెళ్లి, ప్రార్థన చేసి, బైబిలు మీద చేయి పెట్టించి ఒట్టు వేయించాము. అంతటితో ఊరుకున్నామా? ఆదివారము సంఘము ఎదుట నిలువబెట్టి సాక్ష్యము చెప్పించాము. అందరమూ చప్పట్లు కొట్టాము. మూడు నెలలు నిలిచాడు. మిరప కోతలు అయి డబ్బు చేతికి వచ్చిన వారములో పడిపోయాడు. పడిపోయినందుకు కాదు, చప్పట్లు కొట్టిన మా ముఖములు చూడలేక గుడికి రావడము మానేశాడు. కొన్నాళ్లకు తనంతట తానే మళ్లీ మాని, తల్లిచేత మాకొక కబురు పంపాడు. తన కొరకు ప్రార్థన చేసేవారు చాలామంది ఉన్నారట, తనలాగ త్రాగి మానినవాడు ఎవడైనా ఉంటే చూపించమన్నాడు.

మా ఊళ్లో మందు దుకాణము ఎక్కడున్నదంటే చిన్నపిల్లవాడు కూడ చెబుతాడు. మానినవారు కలిసి కూర్చొనే చోటు ఎక్కడ అంటే మేము నీళ్లు నమిలాము. ఆ జవాబు కొరకు వెదకగా వెదకగా మాకు దొరికినది ఈ జీవితము.

విల్సన్ 1895 నవంబరు 26న వెర్మాంట్ రాష్ట్రములో ఈస్ట్ డార్సెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పుట్టినది ఒక హోటలులో, అందులోను సారాయి అమ్మే గదికి వెనుక గదిలో. పదేండ్ల ప్రాయములో తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి వైద్యము చదువుకొనుటకు వెళ్లగా, అమ్మమ్మ తాతల దగ్గర పెరిగాడు. పొడుగరి, సిగ్గరి. మంది మధ్యకు వస్తే తాను అందరికంటె తక్కువవాడనని లోలోపల కుంగిపోయేవాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎందుకంటే 1917లో, యుద్ధము కొరకు సైన్యములో చిన్న ఆఫీసరుగా ఉన్నప్పుడు, ఒక విందులో ఎవరో చేతికిచ్చిన గ్లాసు త్రాగగానే ఆ కుంగుబాటు మంచులాగ కరిగిపోయింది. తనకు మొదటిసారిగా నలుగురిలో ఒకడినైనట్లు తోచింది. ఆ ఒక్క సాయంకాలము సుఖము కొరకు పదిహేడు సంవత్సరములు పోగొట్టుకొన్నాడు.

1918 జనవరి 24న లోయిస్ బర్న్‌హామ్ అనే డాక్టరుగారి కుమార్తెను పెండ్లాడి, ఫ్రాన్సుకు యుద్ధమునకు వెళ్లి తిరిగివచ్చాడు. న్యూయార్కులో షేర్ల వ్యాపారములో ప్రవేశించాడు. తెలివి తక్కువవాడు కాదు. 1925లో భార్యతో కలిసి మోటారు సైకిలెక్కి ఊరూరా తిరిగి, కంపెనీలు నిజముగా ఎట్లా నడుస్తున్నవో కండ్లారా చూచి, ఆ వివరములు షేర్లు కొనేవారికి అందజేశాడు. డబ్బు బాగానే వచ్చింది. త్రాగుడు దానికంటె త్వరగా పెరిగింది. 1929లో షేర్ల ధరలు కూలినప్పుడు ఆయనా కూలిపోయాడు. లోయిస్ ఒక పెద్ద బట్టల దుకాణములో ఉద్యోగము చేసి ఇల్లు గడిపింది. భర్త ఆమె చేతిసంచిలోని డబ్బు దొంగిలించేవాడు.

మమ్ములను కదిలించిన సంగతి ఇక్కడున్నది. ఆ ఇంట్లో ఒక కుటుంబపు బైబిలు ఉండేది. అందులో విల్సన్ తన చేతితో భార్యకు ప్రమాణము వ్రాశాడు, ఇక ముట్టనని. కొన్నాళ్లకు మళ్లీ వ్రాశాడు. మళ్లీ వ్రాశాడు. వ్రాసిన ప్రతిసారి మనస్ఫూర్తిగానే వ్రాశాడు. ఒట్టు పెట్టుకొనేవాడు అబద్ధికుడని మనము అనుకొంటాము. కాదు, ఒట్టు పెట్టుకొనేటప్పుడు నిజమే చెబుతాడు. మా ఊరి అబ్బాయి కూడ నిజమే చెప్పాడు.

ఇంకొక సంగతి. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము దేశమంతటా చట్టముగా ఉండెను. విల్సన్ ఘోరముగా త్రాగిన ఏండ్లలో ఎక్కువ భాగము ఆ నిషేధకాలములోనివే. మన రాష్ట్రములోను 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల నుండి రగిలిన ఉద్యమము వలన 1993 అక్టోబరులో సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఆ అక్కచెల్లెండ్ర పోరాటము చిన్నది కాదు, దాని వలన ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలిగింది. కాని దుకాణము మూసినంత మాత్రాన మనిషి లోపలి దప్పిక మూతపడదు. దానికి వేరొక పని కూడ జరుగవలసి ఉన్నది.

1933 నుండి విల్సన్‌ను న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో పలుమార్లు చేర్పించారు. అక్కడ సిల్క్‌వర్త్ అనే డాక్టరు, ఇది బుద్ధిలోపమో గుణలోపమో కాదనీ, కొందరి శరీరమునకు మద్యము పడదనీ, ఒక చుక్క పడితే ఆగలేని తత్త్వము ఏర్పడుతుందనీ, మనస్సేమో ఆ మొదటి చుక్క వైపే లాగుతుందనీ వివరించాడు. ఆ కాలములో అట్లా మాట్లాడిన వైద్యులు తక్కువ. విల్సన్‌కు ఇది అర్థమైంది. అయినా మళ్లీ త్రాగాడు. చివరకు ఈ మనిషిని తాళము వేసి ఉంచకపోతే పిచ్చి పట్టడమో చావడమో తప్పదని డాక్టరు లోయిస్‌తో చెప్పవలసి వచ్చింది.

1934 నవంబరులో ఎబ్బీ థాచర్ అనే పాత స్నేహితుడు ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఒకప్పుడు కలిసి త్రాగినవారే. వంటింటి బల్ల దగ్గర విల్సన్ గ్లాసు నింపి ముందుకు నెట్టితే, ఎబ్బీ వద్దన్నాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ సహవాసము ద్వారా తాను మానిన విధము చెప్పాడు. నీతులు చెప్పలేదు, తన కథ చెప్పి వెళ్లిపోయాడు. విల్సన్‌ను పట్టుకొన్నది ఎబ్బీ మతము కాదు. తనకంటె హీనముగా త్రాగినవాడు ఎదుట కూర్చొని, కండ్లు తేటగా ఉండి, త్రాగకుండా ఉండుటయే. డిసెంబరు 11న విల్సన్ ఆఖరిసారి త్రాగి మళ్లీ ఆసుపత్రిలో చేరాడు. అక్కడ నిరాశ అడుగుకు చేరి దేవునికి మొరపెట్టగా, గది అంతా వెలుగుతో నిండినట్లయి మనస్సు శాంతించింది. మతి పోయిందేమోనని డాక్టరుగారిని అడిగితే, ఆయన అది పిచ్చి కాదనీ, ఆ అనుభవమును గట్టిగా పట్టుకొమ్మనీ చెప్పాడు. అప్పటికి విల్సన్ వయస్సు 39.

మన సంఘములలో అయితే సాక్ష్యము ఇక్కడ ముగుస్తుంది. వెలుగు కనబడింది, హల్లెలూయా. విల్సన్ కథ ఇక్కడ మొదలైంది.

ఆసుపత్రి నుండి రాగానే త్రాగుబోతులనందరిని బాగుచేయాలని బయలుదేరాడు. మిషను ఇండ్లకు వెళ్లాడు, ఆసుపత్రులకు వెళ్లాడు, ఇంటికి తెచ్చుకొని అన్నము పెట్టాడు. తనకు కనబడిన వెలుగును గూర్చి అందరికి ప్రసంగించాడు. దాదాపు ఆరు నెలలు గడిచినవి. ఒక్కడు మానలేదు. నిరాశపడితే లోయిస్ ఒక మాట గుర్తుచేసింది, వారు మానకపోయినా నీవు మానియున్నావు గదా అని. సిల్క్‌వర్త్ డాక్టరుగారు మాత్రము తప్పు ఎక్కడున్నదో చూపించాడు. ప్రసంగములు కట్టిపెట్టి, ముందు రోగము సంగతి, నీవు పడిన పాట్లు చెప్పు, దేవుని సంగతి ఆ తరువాత చెప్పవచ్చునన్నాడు. ఇది చదివినప్పుడు మా స్త్రీల సమాజములో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

1935 మే నెలలో ఒక వ్యాపారపు పనిమీద విల్సన్ ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వెళ్లాడు. ఆ పని చెడిపోయింది. మే 11, శనివారము సాయంకాలము. మేఫ్లవర్ హోటలు, జేబులో పది డాలర్లు మాత్రమే, ఊళ్లో తెలిసినవారు లేరు. ఒక ప్రక్క బారులోనుండి నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఒక్క గ్లాసు తీసుకొని ఎవరితోనైనా పరిచయము చేసుకొంటే ఏమి అనే తలంపు వచ్చింది. రెండవ ప్రక్క ఒక టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చీల పేర్ల పట్టిక. ఆ రెంటి మధ్య ఆ మనిషి పచార్లు చేశాడు. భయపడ్డాడు. ఆ భయములోనే తెలిసిన సంగతి ఏమంటే, న్యూయార్కులో తాను త్రాగకుండా ఉండగలిగినది ఇతరులను బాగుచేసినందుకు కాదు, మరొక త్రాగుబోతుతో మాట్లాడుచున్నందుకు. వారికి తన అవసరము ఉన్నా లేకపోయినా, తనకు వారి అవసరము ఉన్నది.

పట్టికలో ఒక పేరు మీద వ్రేలు పెట్టి ఫోను చేశాడు. అది ఎపిస్కోపల్ సంఘపు పాదిరి వాల్టర్ టంక్స్‌గారిది. ముక్కు మొగము తెలియని పరదేశి ఫోను చేసి, నేను త్రాగుబోతును, మాట్లాడుటకు ఇంకొక త్రాగుబోతు కావాలి అని అడిగితే ఏ పాదిరిగారైనా ఏమనుకొంటారు? టంక్స్‌గారు ఫోను పెట్టివేయలేదు. పదిమంది పేర్లు ఇచ్చాడు. విల్సన్ ఒక్కొక్కరికి ఫోను చేశాడు. ఒకరు ఇంట్లో లేరు, ఒకరికి తీరిక లేదు. చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే సోదరి దొరికింది. ఆమె త్రాగే మనిషి కాదు. కాని తన ఊళ్లోని ఒక డాక్టరు త్రాగుడు మానాలని కొందరితో కలిసి ప్రార్థించుచున్న మనిషి. ఈ ఫోను ఆ ప్రార్థనకు జవాబేనని తలచి వెంటనే రమ్మన్నది.

ఆ డాక్టరే రాబర్ట్ స్మిత్, శస్త్రవైద్యుడు. ఆ సాయంకాలము ఆయన భార్యకు బహుమానముగా ఒక పూలకుండీ తెచ్చి, తాను మత్తులో పడియున్నాడు. మరునాడు మాతృదినోత్సవము. సాయంకాలము 5 గంటలకు హెన్రియెట్టా ఇంటికి వచ్చాడు, చేతులు వణకుచుండగా, పదిహేను నిమిషములకంటె కూర్చొననని ముందే చెప్పి. రాత్రి 11 దాటేదాక లేవలేదు. విల్సన్ ఆయనను మార్చుటకు ప్రయత్నించలేదు. తన కథ చెప్పుకొన్నాడు, అది చెప్పుకొనుట తనకే అవసరమన్నాడు. స్మిత్‌గారికి వైద్యము తెలుసు, బైబిలు తెలుసు, ప్రార్థన తెలుసు. తెలియనిది ఒక్కటే, తన బాధను అనుభవముతో ఎరిగిన మరొక మనిషి. ఆ రాత్రి దొరికాడు.

అయినా స్మిత్‌గారు వెంటనే నిలువలేదు. నెల తిరుగకముందే ఒక వైద్యుల మహాసభకు వెళ్లి త్రాగి వచ్చాడు. అప్పుడు ఎవరూ ఆయనను సంఘము ఎదుట నిలువబెట్టలేదు. విల్సన్, స్మిత్‌గారి భార్య ఆన్ కలిసి మూడు రోజులు దగ్గరుండి కనిపెట్టుకొన్నారు. నాలుగవ రోజు ఆయన ఆపరేషను చేయవలసి ఉండగా, చేతుల వణుకు తగ్గుటకు విల్సనే ఒక సీసా బీరు ఇచ్చాడు. 1935 జూన్ 10. ఆయనకు అదే ఆఖరుది. ఆ తేదీనే ఆ ఉద్యమపు జన్మదినముగా ఇప్పటికీ ఎంచుకొంటారు.

తరువాత ఇద్దరూ ఆసుపత్రికి ఫోను చేసి, త్రాగుబోతు రోగి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఒక వకీలు ఉన్నాడు, నర్సులను కొట్టినందున మంచమునకు కట్టివేశారు. ఆయన చర్చికి కొత్తవాడు కాదు, ఒకప్పుడు భక్తి గలవాడే. ఆ మంచము ప్రక్కన ఇద్దరూ కూర్చొని తమ కథలు చెప్పారు. ఆయన మూడవవాడయ్యాడు. ముగ్గురు అయినప్పుడు దానిని కూటము అనవచ్చును గదా.

ఆ తరువాత సంగతులు త్వరగా చెబుతాము. 1937 చివరకు ఆక్రన్, న్యూయార్కులలో లెక్క చూచుకొంటే నలభైమంది దాక నిలిచియున్నారు. 1939 ఏప్రిలులో వారి అనుభవములతో పుస్తకము వెలువడింది. ఆ పుస్తకపు పేరే సహవాసమునకు పేరైంది – ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు బయటపెట్టని త్రాగుడు బాధితులు. అందులోని పన్నెండు మెట్లు విల్సన్ వ్రాసినవే. తన చేత కాదని ఒప్పుకొనుట, దేవునికి అప్పగించుకొనుట, తన తప్పులు పరీక్షించుకొని మరొక మనిషి ఎదుట ఒప్పుకొనుట, నష్టపరచినవారికి తిరిగి చెల్లించుట, చివరకు మరొక బాధితునికి సాయపడుట – క్రమము అది. దేవుడు అనే మాట మీద పెద్ద తగవు నడిచింది. నాస్తికులైన సభ్యులు అభ్యంతరము చెప్పగా, ఎవరు ఎట్లా ఎరిగిన దేవుడు వారికి అన్నట్లు సవరించారు. మనలో కొందరికి ఇది రుచించదు. మాకూ మొదట రుచించలేదు. కాని త్రాగుడు మన సంఘస్థుల ఇండ్లకు మాత్రమే రాలేదు. మా వీధిలో మసీదుకు పోయే ఇంట్లోను ఉన్నది, రామాలయము ప్రక్క ఇంట్లోను ఉన్నది. అందరూ ఒక బల్ల చుట్టు కూర్చొనుటకు ఆ సవరణ లేకపోతే వీలు పడదు.

డబ్బు సంగతి కూడ చెప్పవలెను. విల్సన్ దంపతులు కటిక పేదరికములో ఉన్నప్పుడు టౌన్స్ ఆసుపత్రివారు మంచి జీతముతో ఉద్యోగము ఇస్తామన్నారు. ఆయన సంతోషముతో ఇంటికి వస్తే, కూటపువారు వద్దన్నారు, జీతము పుచ్చుకొని చేసే పనిగా ఇది మారితే చెడిపోతుందన్నారు. ఆయన మాట విన్నాడు. కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ కూడ కొద్ది సొమ్ము ఇచ్చి, ఎక్కువ డబ్బు దీనిని పాడుచేస్తుందని ఆగిపోయాడు. 1939లో విల్సన్ దంపతుల ఇల్లు అప్పుకు పోయింది, రెండేండ్లు పరుల ఇండ్లలో తలదాచుకొన్నారు. 1941 మార్చిలో ఒక పెద్ద వారపత్రికలో వ్యాసము పడగా, ఆ సంవత్సరములోనే 2000 మంది సభ్యులు 8000 అయ్యారు.

లోయిస్ సంగతి లేకుండ స్త్రీలము మేము ఈ వ్యాసము ఎట్లా ముగిస్తాము? భర్త మానిన తరువాత ఒక రోజు, కూటమునకు వేళైంది త్వరపడమంటే, ఆమె చేతిలోని చెప్పు విసిరికొట్టింది. తరువాత తానే ఆశ్చర్యపడి ఆలోచించింది. పదిహేడేండ్లు తాను ప్రార్థించి, పస్తులుండి సాధించలేనిది ఎవరో ఒక స్నేహితుడు వంటింట్లో కూర్చొని సాధించాడు. తన లోపల ఆ కోపము, ఆ దుఃఖము అట్లాగే ఉన్నవి. త్రాగేవాడు ఒక్కడే అయినా, రోగము ఇంటిల్లిపాదికీ పట్టుతుంది. 1951లో ఆమె మరొక సోదరితో కలిసి, త్రాగేవారి భార్యలకు, తల్లులకు, బిడ్డలకు వేరే కూటములను ఒకచోట చేర్చింది. దాని పేరు అల్-అనాన్.

విల్సన్‌ను పరిశుద్ధునిగా చేయుట మా ఉద్దేశము కాదు. మానిన తరువాత కూడ పదేండ్లకు పైగా తీవ్రమైన దిగులుతో బాధపడ్డాడు. భార్యకు నమ్మకముగా ఉండలేదని జీవితచరిత్రకారులు వ్రాశారు. సిగరెట్టు మానలేకపోయాడు, దాని వలననే ఊపిరితిత్తులు చెడిపోయినవి. ఎబ్బీ కూడ చాలాసార్లు పడిపోయాడు, అయినా విల్సన్ చివరిదాక అతనినే తన గురువు అన్నాడు. 1955లో సహవాసపు పెత్తనము సభ్యులకు అప్పగించాడు. యేల్ విశ్వవిద్యాలయము ఇవ్వజూపిన గౌరవ పట్టమును పేరు బయటపడకూడదని తిరస్కరించాడు. మరణశయ్య మీద, దాదాపు 36 సంవత్సరములు ముట్టని ఆ మనిషి, విస్కీ కావాలని అడిగాడట. నర్సు దినచర్యలో ఆ సంగతి వ్రాసియున్నది. ఎవరూ ఇవ్వలేదు. 1971 జనవరి 24న, పెండ్లినాడే, చనిపోయాడు. ఈస్ట్ డార్సెట్‌లో ఆయన సమాధి రాతి మీద సైన్యములో చేసిన ఉద్యోగము చెక్కియున్నది గాని, ఈ సహవాసము ఊసే లేదు.

మన దేశములో ఈ కూటములు 1957లో బొంబాయిలో మొదలైనవి. హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణములలో నడుచుచున్నవి. రుసుము లేదు, మానాలనే కోరిక ఉంటే చాలు. చాలాచోట్ల చర్చి గదులలోనో బడి గదులలోనో కూర్చొంటారు. ఈ రోజు ఒక్క రోజుకు త్రాగననుకొంటారు, జీవితాంతమునకు ఒట్టు పెట్టుకొనరు. ఒక హెచ్చరిక మాత్రము: ఏండ్ల తరబడి రోజూ త్రాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, లేనివి కనబడుట వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. ముందు డాక్టరుకు చూపించాలి. మేము ఒట్టు వేయించిన రోజున ఈ సంగతి మాకు తెలియదు, ఆ అబ్బాయి బ్రతికి బయటపడినది దేవుని దయ. కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను 14446కు చేస్తే చికిత్స ఎక్కడ దొరికేది చెబుతారు.

మా అబ్బాయి సంగతి. టంక్స్‌గారి పట్టిక చదివిన తరువాత మేము కూడ ఫోనులు మొదలుపెట్టాము. గురువుగారు మాచెర్ల, గురజాల ప్రాంతపు సంఘములకు కబురు చేశారు. నాలుగు వారములకు ఒక మనిషి దొరికాడు. ప్రక్క ఊరివాడు, మన మతస్థుడు కాడు, మాని ఆరేండ్లు అయింది, ఎవరికీ చెప్పుకొనకుండ ఒంటరిగా నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు గురువారము సాయంకాలము ఇద్దరూ సండేస్కూలు గదిలో కూర్చొంటున్నారు. ఈ నెల మూడవవాడు వచ్చాడు. తాళపుచెవి వారికే ఇచ్చాము, మేము లోపలికి పోము. టీ ఖర్చు సమాజము నుండి ఇస్తామంటే వద్దన్నారు, వారే వేసుకొంటున్నారు.